పెద్ద పేరుకి ముద్దుపేరు: ఎంచుకునే ముందు నోటితో చేయాల్సిన పరీక్షలు

మా మేనల్లుడి బారసాల రోజు పళ్లెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో ‘పెంచల నరసింహం’ అని రాయడానికి మా బావకి రెండు నిమిషాలు పట్టింది. వాణ్ని ఇంట్లో ఏమని పిలవాలో తేలడానికి నాలుగు నెలలు పట్టింది. మా చెల్లెలు ‘నాని’ అంది. బావ ‘సింహా’ అన్నాడు. వాళ్ల చిన్నత్త బెంగళూరు నుంచి ఫోన్ చేసి ‘నర్షు’ అంది. మా అమ్మ ఎవరినీ అడక్కుండానే ‘బుజ్జోడా’ అని మొదలుపెట్టేసింది. ఆ నాలుగు నెలలూ వాడు ఏ పేరుకీ పలక్కుండా హాయిగా పాలు తాగి పడుకున్నాడు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ తంతు కొత్త కాదు. మొదటి మగబిడ్డకి తాత పేరో, ఇలవేల్పు పేరో పెట్టే ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. పెంచలయ్య, మాల్యాద్రి, చెన్నకేశవులు, ఏడుకొండలు, కోదండరామిరెడ్డి, మస్తానయ్య. పేరు పెట్టేటప్పుడు అందరికీ భక్తి, మర్నాడు పిలిచేటప్పుడు అందరికీ ఇబ్బంది. పాత పేరు మార్చకుండా, దానికి తగిన పిలుపు పేరు ఎలా ఎంచుకోవాలో మేం చేసిన తప్పులతో సహా చెబుతాను. చాలామంది ముద్దుపేరుని రాసి చూసుకుని ఎంచుకుంటారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ బాగుందా, ఫోన్‌లో ఎలా కనిపిస్తుంది అని. పిలుపు పేరుకి కంటితో పనేముంది? అది ఎవరి నోట్లో తిరగాలో ముందు అది చూడాలి.

1. పేరుని ముక్కలు చేసి కాగితం మీద పెట్టండి

పేరులో ఎన్ని ముక్కలుంటే అన్నీ విడదీసి రాయండి. సుబ్రహ్మణ్యంలో సుబ్బు ఉంది, మణి ఉంది. వెంకటేశ్వర్లులో వెంకట్, ఈశ్వర్. చెన్నకేశవులులో చెన్న, కేశవ. మల్లికార్జునలో మల్లి, అర్జున్. అందరూ మొదటి ముక్క దగ్గరే ఆగిపోతారు. రెండో ముక్క తరచుగా దానికంటే బాగుంటుంది. మార్కాపురం చెన్నకేశవస్వామి పేరు పెట్టుకున్న ఇళ్లలో ‘చెన్న’ అంటే వినేవాళ్లకి ‘చిన్న’ అనే వినిపిస్తుంది. ‘కేశవ’ అంటే ఆ గొడవ లేదు.

అక్షరాలతోనే సరిపెట్టుకోకండి. పేరు వెనక ఉన్న ఊరు, కొండ, మొక్కు కూడా ముక్కలే. మాల్యాద్రి అన్నా మాలకొండ అన్నా ఒకటే. అక్కడ వెలసింది నరసింహస్వామి, గుడి తెరిచేది శనివారం మాత్రమే. కాబట్టి మాల్యాద్రి అనే పిల్లాడికి ‘అద్రి’, ‘కొండయ్య’, ‘నర్సి’ మూడూ న్యాయమైన ముద్దుపేర్లే. కసుమూరు మస్తాన్ వలీ దర్గాకి మొక్కుకుని పుట్టిన పిల్లలకి హిందువుల ఇళ్లలోనూ మస్తానయ్య, మస్తాన్‌రెడ్డి అని పెట్టుకుంటారు. ఆ మస్తాన్ అన్న ముక్కని వదిలేసి వాణ్ని ‘రెడ్డీ’ అని పిలిస్తే మొక్కుకున్న అవ్వ మనసు ఏమవుతుందో ఆలోచించండి.

మావాడిది రాపూరు దగ్గర పెంచలకోన దేవుడి పేరు. స్వామి పెనుశిల లక్ష్మీనరసింహుడు. పెనుశిల అన్న మాటే జనం నోళ్లలో నలిగి పెంచల అయిందంటారు. అంటే దేవుడికే జనం ముద్దుపేరు పెట్టేశారన్నమాట. ఆ ధైర్యంతో మేం కాగితం మీద రాసిన ముక్కలు ఇవి: పెంచల, నర, నరస, సింహ, కోన.

2. ఆ పేరు ఎవరి నోట పలకదో కనుక్కోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దీన్ని దాటేసి తర్వాత ఇరుక్కుంటారు.

పిల్లాడికి తాత పేరు పెట్టారంటే, ఆ ఇంట్లో కనీసం ఇద్దరు ఆడవాళ్లకి ఆ పేరు నోటికి రాదు. నాయనమ్మకి అది మొగుడి పేరు. కోడలికి అది మామగారి పేరు. రోజంతా పిల్లాణ్ని ఎత్తుకు తిరిగేదీ వాళ్లిద్దరే. పాతకాలంలో ‘నాయనా’, ‘అయ్యా’, ‘పెద్దాయన’, ‘అబ్బోడు’ లాంటి పిలుపులు పుట్టింది ముద్దుకోసమే అనుకుంటాం గానీ, సగం వాటికి కారణం ఈ మొహమాటమే. రెండేళ్ల పిల్లాణ్ని పట్టుకుని నాయనమ్మ ‘ఏమండీ, అన్నానికి రండి’ అని మురిపెంగా పిలవడం మీరూ చూసే ఉంటారు.

మా చెల్లెలి అత్తగారి ఊరు పొదలకూరు పక్కన. ఆమె భర్త పోయి మూడేళ్లు. ఆయన పేరే పిల్లాడికి పెట్టారు. బారసాల అయ్యాక నేనే అడిగాను, ‘అత్తా, నర్సి అని పిలుద్దామా?’ అని. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, ‘వాళ్లమ్మ ఆయన్ని నర్సిగా అని పిలిచేది నాయనా. నేనెట్టా అనేది?’ అంది. అప్పటిదాకా మేం పూర్తి పేరు పలకకూడదు, ముక్క అయితే ఫర్వాలేదు అనుకున్నాం. ఆయన్ని ముక్కతో పిలిచినవాళ్లూ ఉన్నారన్న ఆలోచనే మాకు రాలేదు. ‘నర్సి’ ఆ రోజే పోయింది. ‘సింహా’ కూడా పోయింది, ఆయన స్నేహితులు అలా పిలిచేవాళ్లట.

అందుకని ముందే ఇంటి పెద్దల్ని కూర్చోబెట్టి అడగండి: ఈ పేరుగల పెద్దాయన్ని బతికుండగా ఎవరెవరు ఏమేమని పిలిచేవాళ్లు? ఆ జాబితా మొత్తం కొట్టేయండి. మా తరంలో ఈ పట్టింపులెవరికీ లేవు అని వాదించకండి. ఆమెకి ఉన్నాయి. పిల్లాడికి ఉగ్గు పెట్టేది ఆమె.

ఇంకో చిక్కుంది. ముగ్గురు అన్నదమ్ములుంటే ముగ్గురూ తమ పెద్దకొడుక్కి తండ్రి పేరే పెడతారు. సంక్రాంతికి అందరూ చేరితే ఒకే పేరుగల పిల్లలు ముగ్గురు. ఊళ్లో జనం దీనికి తమ పద్ధతిలో పరిష్కారం చేస్తారు: నల్ల రమణ, ఎర్ర రమణ, పొట్టి రమణ. మీరు వేరే ముద్దుపేరు పెట్టకపోతే మీవాడికి ఆ మూడింట్లో ఏది తగులుతుందో మీ చేతుల్లో ఉండదు. కోవూరు రమణ, అల్లూరు రమణ అని ఊరిపేరుతో చెప్పుకోవడం కాస్త మర్యాద. ఇది ఇవాళ్టి సమస్య కూడా కాదు. నెల్లూరు మనుమసిద్ధి కాలంలో ఒకే వంశంలో ఇద్దరు తిక్కనలు ఉంటే, ఒకాయన కవి తిక్కన, ఇంకొకాయన ఖడ్గ తిక్కన అయ్యారు.

3. ముక్కకి తెలుగు రూపం ఇవ్వండి

తెలుగు నోరు పేరుని కుదించే తీరు ఒకటుంది. జటిలమైన ఒత్తులన్నీ కరిగి ఒకే ద్విత్వం అవుతాయి. చివర ఇకారమో ఉకారమో వచ్చి చేరుతుంది. మొత్తం రెండక్షరాల్లో తేలిపోతుంది. కృష్ణ కిట్టు అయ్యాడు. సత్యనారాయణ సత్తి, సూర్యనారాయణ సూరి, ఆంజనేయులు అంజి, సుబ్రహ్మణ్యం సుబ్బు. ఇవి ఎవరో కూర్చుని తయారు చేసినవి కావు, అందుకే తరాలు మారినా అరగలేదు. మీ పేరులోని ముక్కని ఈ అచ్చులో పోసి చూడండి. నప్పితే ఇంకేం ఆలోచించకండి.

రెండో అచ్చు అయ్య, అన్న చేర్చడం. అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి వెంకట సుందరరామిరెడ్డి, రెడ్డి వదిలేసి సుందరయ్యగా నిలిచారు. మహాభారతంలో మిగిలిన అరణ్యపర్వాన్ని పూర్తిచేసిన కవి మనకి ఎర్రన, ఎర్రయ, ఎర్రాప్రగడ అనే మూడు పిలుపుల్లోనూ తెలుసు. ఇప్పటివాళ్లు అయ్య తగిలిస్తే ముసలివాసన అంటారు. నాకైతే పెంచలయ్య అన్నది పెంచల్ కంటే చెవికి ఇంపుగా ఉంటుంది, కానీ నా ఓటు ఎవరూ లెక్కపెట్టలేదు.

బెంగళూరు అత్త చెప్పిన ‘నర్షు’ లాంటివి ఈ రెండు అచ్చుల్లోనూ పట్టవు. పల్లెలో దాన్ని ‘నర్సు’ అంటారు. మగపిల్లాడు, వాణ్ని రోజుకి పదిసార్లు నర్సు అని పిలవడం. ఆలోచించండి.

పల్లె నోటి మార్పులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. హకారం ఎగిరిపోతుంది, హనుమ అనుమ అవుతాడు. శకారం సకారమవుతుంది. వెంకి ఎంకి అవుతుంది, ఎంకి అనగానే తెలుగువాడికి ఆడపిల్లే గుర్తొస్తుంది. మీరెంత సరిగ్గా పలికినా, పాలబ్బాయీ ఆయమ్మా ఆటో అన్నా పలికిందే ఊళ్లో నిలుస్తుంది.

4. మిద్దె మీద నుంచి కేకేయండి

ఇది నవ్వులాట కాదు, నిజంగా మిద్దె ఎక్కి చేయాల్సిన పరీక్ష. తెలుగులో పిలుపంటే చివరి అచ్చుని సాగదీయడం. సుబ్బూ, అంజీ, రంగా, కేశవా. చివర పట్టుకుని లాగడానికి అచ్చు ఉంటే ఆ పేరు రెండు వీధులు దాటుతుంది. హల్లుతో ఆగిపోయే పేరుని లాగలేరు. ‘వెంకట్’ అని గట్టిగా అరిస్తే అది పిలుపులా ఉండదు, తిట్టులా ఉంటుంది. అందుకే ఆ పేరుగల పిల్లల తల్లులంతా సాయంత్రం ఆటల టైముకి తెలియకుండానే ‘వెంకటూ’ అనేస్తారు.

మా ‘పెంచల్’ ఇక్కడే పడిపోయింది. మా బావ మిద్దె ఎక్కి ‘పెంచల్’ అని అరిచాడు. కింద రోడ్డు మీద ఎవరూ తల తిప్పలేదు. రెండోసారి ‘పెంచలూ’ అన్నాడు. ఎదురింటి పెంచలయ్య మామ లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, ‘ఏందబ్బా?’ అన్నాడు. ఆ కేకతోనే ఇంకో సంగతి కూడా తేలిపోయింది. మా వైపు ఏ వీధిలో అరిచినా పెంచలయ్య ఒకడు పలుకుతాడు. ఆ లెక్కన మా చెల్లెలి ‘నాని’ అయితే ఏ అపార్ట్‌మెంట్లో పిలిచినా నలుగురు దిగొస్తారు.

5. గాడు, అన్న, మామ, గారు తగిలించి చూడండి

ముద్దుపేరు ఒంటరిగా బతకదు. స్నేహితులు గాడు చేరుస్తారు, తమ్ముళ్లు అన్న చేరుస్తారు, చివరికి ఆఫీసులో గారు చేరుతుంది. సుబ్బుగాడు, సుబ్బన్న, సుబ్బు మామ, సుబ్బుగారు: నాలుగూ నోటికి ఆడుతున్నాయి. చంటిగాడు వరకూ బాగుంది, యాభై ఏళ్లకి చంటిగారు అన్నప్పుడు వినేవాళ్లు ఓ క్షణం ఆగుతారు. అలా బతికేవాళ్లు లేకపోలేదు, ఊళ్లల్లో బుజ్జిగారు, చిట్టిబాబుగారు చాలామందే ఉన్నారు. కానీ అది మనిషి తన పెద్దరికంతో మోసుకొచ్చే పేరు, పేరు మనిషిని మోయదు.

ఈ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్న పేరు మన నెల్లూరువాళ్లకి బాగా తెలిసిందే. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం. అంత పొడుగు పేరులోంచి రెండక్షరాలు తీసి ‘బాలు’ అన్నారు. కుర్ర గాయకుడిగా ఉన్నప్పుడూ బాలునే, డెబ్భై దాటాకా బాలుగారే. అదే పేరులోంచి సుబ్బు తీసినా మణి తీసినా పలికేదే. కానీ బాల అన్న ముక్కలో పసితనం ఉంది, చివరి ఉకారం పిలవడానికి లొంగుతుంది, గారు చేరిస్తే గౌరవం కూడా నిలుస్తుంది.

6. వెక్కిరింతలు మీరే ముందు కనిపెట్టండి

మూడో తరగతి పిల్లాడి బుర్రతో ఆలోచించాలి. సుబ్బు అయితే సబ్బు. కోటి అయితే కోతి. గోపి అయితే గోబీ. ఇవన్నీ తట్టుకోగలిగినవే, ప్రతి తరం తట్టుకుంది.

తట్టుకోలేనివి కొన్ని ఉంటాయి. ఏడుకొండలు అనే పిల్లాణ్ని కుదించి ‘ఏడు’ అని పిలిస్తే, వాడు పలికిన ప్రతిసారీ ఎవడో ఒకడు ‘ఏడవమంటే ఏడుస్తున్నాడు’ అంటాడు. ‘కొండలు’ అనండి, హాయిగా ఉంటుంది. పెంచలని ‘పెంచి’ చేస్తే ‘పెంచి పెద్దచేశారు’ అని జోకులు. అన్నదమ్ములిద్దరికీ సుబ్బి, ఎంకి అని పెట్టారో, వాళ్లలో ఎవరి పెళ్లి జరిగినా ‘సుబ్బి పెళ్లి ఎంకి చావుకొచ్చింది’ అనకుండా బంధువులు భోజనం చేయరు.

పిచ్చయ్య, పెంటయ్య లాంటి పేర్ల సంగతి వేరు. ముందు పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో, మృత్యువు కన్ను పడకూడదని కావాలని అలా పెట్టేవాళ్లు. తాత పేరు అదే అయితే కాగితం మీద దాన్ని ఉంచడానికి సిగ్గుపడకండి, ఆ పేరు వెనక ఒక తల్లి భయం ఉంది. పిలుపుకి మాత్రం పూర్తిగా వేరే పేరు తీసుకోండి. ముక్కలు చేయకండి, ఎటు విరిచినా మిగిలేది వెక్కిరింతే.

7. ముద్దుపేరుని కాగితాల్లోకి రానివ్వకండి

ఇది నా సొంత గోడు. ఇంట్లో నన్ను చిట్టి అంటారు. ఒకటో తరగతిలో చేర్చడానికి మా బాబాయి తీసుకెళ్లాడు. పేరేంటని అడిగితే ఆయన అలవాటుగా ‘చిట్టిబాబు’ అన్నాడు. ఆ స్కూల్లో వాళ్లు ఇంకో మాట అడక్కుండా రిజిస్టర్లో రాసేసుకున్నారు. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేటప్పుడు బయటపడింది. అఫిడవిట్లు, సంతకాలు, మా నాన్న మూడు నెలల తిరుగుడు. ఇప్పటికీ ఆ టెన్షన్ గుర్తొస్తే ఆయన బాబాయితో సరిగ్గా మాట్లాడడు.

జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోయినా ఫర్వాలేదు, పేరు లేకుండానే నమోదు చేస్తారు. ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్లలోపు. కాబట్టి తొందరపడి ‘ప్రస్తుతానికి బుజ్జి అని రాయండి’ అనకండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి స్కూలు చేరిక మొదలుకుని పుట్టినతేదీకి ఆధారం ఆ జనన ధ్రువపత్రమే. అందులో ఉన్న పేరే బాల ఆధార్‌లో ఉండేలా చూడండి. ఆధార్‌లో పేరు మార్పుకి జీవితం మొత్తానికి రెండే అవకాశాలు, వాటిని ముద్దుపేరు దిద్దుబాటుకి ఖర్చు చేయకండి. టీకాల కార్డు, బ్యాంకు ఖాతా, కానుకగా ఇచ్చిన బాండు, అన్నిచోట్లా బియ్యంలో రాసిన పేరే. స్కూల్లో చేర్చడానికి బాబాయిని పంపేటట్లయితే పేరు చీటీ మీద రాసి జేబులో పెట్టండి.

8. వారం రోజులు వాడి చూడండి, ఐదో నెల దాటనివ్వకండి

మిగిలిన రెండు మూడు పేర్లని ఒక్కొక్కటీ వారం చొప్పున ఇంట్లో వాడండి. ఎవరూ ప్రయత్నం చేయకుండా ఏది నోటికి వస్తుందో గమనించండి. ఓట్లు పెట్టకండి, ఓట్లు పెడితే ఓడినవాళ్లు తమ పేరుతోనే పిలుస్తూ పోతారు. ఐదారు నెలలకి పిల్లలు తమ పేరు విని తల తిప్పడం మొదలవుతుంది కాబట్టి ఆ లోపు తేల్చుకుంటే మంచిది. అమ్మమ్మగారింట్లో ఇంకో పేరుతో పిలుస్తామంటే అడ్డుకోకండి. రెండు పిలుపులకీ పలకడం పిల్లలకి కష్టం కాదు, మా అమ్మకి ఇవాళ్టికీ వాడు బుజ్జోడే. స్కూలుకెళ్లే వయసొచ్చి ‘నన్ను అందరి ముందూ అలా పిలవొద్దు’ అంటే మాత్రం వినండి. ఇంట్లో ఒకటి, గేటు బయట ఇంకొకటి.

మా ఇంట్లో నాలుగో నెల వచ్చేసరికి కాగితం మీద ఒక్క ముక్కే మిగిలింది. చెల్లెలి అత్తగారు పిల్లాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తోంది. కళ్లలోకి సున్నిపిండి పోయి వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆమె వాడి మొహం తుడుస్తూ, ‘మా కోనయ్య కదూ, మా కోన సామి కదూ, అయిపోయిందిలే కోనా’ అంది. పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మా చెల్లెలు నావైపు చూసింది. నేను మిద్దె మీదికి వెళ్లి ‘కోనా’ అని ఓసారి గట్టిగా అరిచాను. వీధిలో ఎవరూ పలకలేదు. ఎదురింటి పెంచలయ్య మామ కూడా బయటికి రాలేదు.